ఓపెన్ సోర్సు ప్రాజెక్టులలో కోడు చేర్పుల నిర్వహణ

ఓపెన్ సోర్సు సాఫ్టువేరు ప్రాజెక్టులకు బయటివారు పంపే మార్పులను పరిశీలించడం, సరిదిద్దించడం, స్వీకరించడం లేదా తిరస్కరించడం అనే పనులన్నిటినీ కలిపి కోడు చేర్పుల నిర్వహణ అంటారు. సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉన్నంత మాత్రాన దానిని ఎవరైనా మార్చవచ్చని అర్థం కాదు. నకలు తీసుకొని ఆ నకలులో ఏ మార్పునైనా చేసుకోవచ్చును. అది అసలు ప్రతిలో చేరాలంటే మాత్రం ప్రాజెక్టు నిర్వాహకుని అంగీకారం కావాలి. కోడు రాయగలవారు వేలల్లో ఉండగా, దానిని ఓపికగా చదివి బాధ్యత వహించేవారు కొద్దిమందే ఉండడం ఈ విధానంలోని ప్రధాన సమస్య. 2021, 2024 సంవత్సరాలలో జరిగిన రెండు సంఘటనల వలన ఈ విషయం ప్రోగ్రామర్ల పరిధి దాటి చర్చకు వచ్చింది.

లినక్సు కెర్నలు అనుభవం

ఈ విషయంలో తరచుగా ఉదాహరించే ప్రాజెక్టు లినక్సు కెర్నలు. ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ప్రారంభించాడు. తొలి సంవత్సరాలలో మార్పులన్నీ ప్యాచిల రూపంలో ఈ-మెయిలు ద్వారా ఆయనకే చేరేవి. ప్యాచి అనగా పాత కోడులో ఏ పంక్తులను తీసివేయాలో, వాటి స్థానంలో వేటిని చేర్చాలో తెలిపే చిన్న పాఠ్యం. 1998 నాటికి వచ్చే ప్యాచిలను ఒక్క మనిషి చదవడం అసాధ్యమైంది. పంపినదానికి జవాబు రాకపోవడం, ఒకే ప్యాచిని మళ్ళీ మళ్ళీ పంపవలసి రావడం సాధారణమై, పని పెరిగినంతగా లినస్ పెరగలేడనే వ్యంగ్యం పుట్టింది. 2002 ఆరంభంలో చిన్న ప్యాచిలను పోగుచేసి ఆయనకు అందించే ఒక మధ్యవర్తిని నియమించాలనే ప్రతిపాదన మీద పెద్ద వివాదమే జరిగింది.

అదే సంవత్సరం టోర్వాల్డ్స్ బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్టువేరును వాడడం మొదలుపెట్టాడు. దానిని ఉచితంగా వాడుకొనే అనుమతిని 2005 ఏప్రిల్‌లో తయారీదారులు ఉపసంహరించుకున్నారు. ఆయన కొద్దిరోజులలోనే గిట్ అనే కొత్త సాధనానికి రూపం ఇచ్చాడు. ప్రతి ఒక్కరి వద్దా ప్రాజెక్టు చరిత్ర అంతా ఉండడం, ఒకరి శాఖను మరొకరు సులభంగా కలుపుకోగలగడం గిట్ ప్రత్యేకతలు. నేడు ఇంచుమించు ప్రతి సాఫ్టువేరు విద్యార్థీ నేర్చుకొనే ఈ సాధనం, ఒక మనిషి చదవగలిగిన దానికి మించి ఉత్తరాలు రావడం వలన పుట్టిన అవసరానికి సమాధానమే.

ప్రస్తుత పద్ధతిలో కెర్నలు అనేక ఉపవిభాగాలుగా విభజించబడి ఉంది. ఒక్కొక్క విభాగానికి ఒకరు లేదా కొందరు నిర్వాహకులు ఉంటారు. వారి పేర్లు, ఆ విభాగపు స్థితి కోడుతో పాటే ఉండే ఒక జాబితాలో నమోదవుతాయి. ఎవరూ చూడని విభాగానికి ఆ జాబితాలో ఇచ్చే స్థితి పేరుకు అర్థం "అనాథ". కొత్త ప్యాచి ముందుగా విభాగ నిర్వాహకునికి వెళుతుంది. ఆయన అంగీకరిస్తే పై స్థాయి నిర్వాహకునికి, చివరకు టోర్వాల్డ్స్‌కు చేరుతుంది. ఆయన ప్రతి పంక్తినీ చదవడు. తనకు అందిస్తున్న మనిషిని నమ్ముతాడు. విడుదల జరిగిన తరువాత రెండు వారాలు మాత్రమే కొత్త అంశాలను కలుపుకుంటారు. ఆ తరువాత వారానికొకటి చొప్పున ఆరేడు పరీక్షా ప్రతులు వెలువడతాయి, వాటిలో దోషాల సవరణలకే చోటు. మొత్తం మీద తొమ్మిది పది వారాలకు ఒక విడుదల వస్తుంది. అందులో పదివేలకు పైగా మార్పులు చేరుతుంటాయి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. కెర్నలుకు కోడు పంపేవారిలో ఎక్కువమంది నేడు కంపెనీల జీతం మీద ఆ పని చేస్తున్నవారే. పూర్తిగా స్వచ్ఛందంగా నడిచే చిన్న ప్రాజెక్టులకు ఈ అంచెల ఏర్పాటు దొరకదు.

కోడు ఎవరిదన్న ప్రశ్న కూడా ఈ నిర్వహణలో భాగమే. 2003 మార్చిలో ఎస్‌సీఓ కంపెనీ తన యూనిక్సు కోడు లినక్సులో చేరిందంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఆ నేపథ్యంలో 2004లో ప్రతి ప్యాచికీ సంతకపు పంక్తి తప్పనిసరి అయింది. ఈ కోడును ఇచ్చే హక్కు నాకున్నది అని పంపినవారు ధ్రువీకరిస్తారు. దానిని ముందుకు పంపే ప్రతి నిర్వాహకుడూ తన పేరు చేరుస్తాడు.

ముందు సమీక్షా, తరువాత సమీక్షా

తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నిటినీ నడిపే మీడియావికీ సాఫ్టువేరు ఈ రెండు పద్ధతులనూ చూసింది. 2012 వరకు అందులో అనుమతి ఉన్నవారు ముందు కోడు చేర్చేవారు, ఇతరులు దానిని తరువాత సమీక్షించేవారు. ఒకరకంగా ఇది వికీ పద్ధతే. సమీక్షకు నోచుకోని మార్పులు పేరుకుపోయి విడుదలలు ఆలస్యం కావడంతో 2012లో గిట్‌కూ, గెరిట్ అనే సమీక్షా సాధనానికీ మారారు. అప్పటినుండి సమీక్ష పూర్తయితేనే మార్పు చేరుతుంది. వ్యాసంలో తప్పు ఒక పేజీకి పరిమితం, చూసిన పాఠకుడే దిద్దవచ్చును. కోడులో తప్పు అన్ని పేజీలనూ ఒకేసారి నిలిపివేయగలదు, దానిని సామాన్య పాఠకుడు దిద్దలేడు. కాబట్టి వికీ సూత్రం వికీ సాఫ్టువేరుకు పనికిరాకపోవడంలో వింతేమీ లేదు.

అయితే క్యూ తీసివేస్తే దోషాలు, క్యూ పెడితే నిరీక్షణ. మొదటిసారి ప్యాచి పంపిన విద్యార్థికి నెలల తరబడి జవాబు రాకపోతే రెండవది పంపడు. సమీక్ష జరిగినా దోషాలు దాటిపోవచ్చును. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో సమీక్షకుడు చూసి అంగీకరించిన మార్పు ద్వారానే చేరి, రెండేళ్ళకు పైగా అందులో ఉండిపోయింది.

నమ్మకానికి పరీక్షలు

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు లోపభూయిష్టమైన మార్పులు సమీక్షను దాటగలవా అని పరిశీలించడానికి మారుపేర్లతో కెర్నలుకు కొన్ని ప్యాచిలు పంపారు. నిర్వాహకులకు ఈ సంగతి ముందుగా తెలియదు. 2021 ఏప్రిల్‌లో నిర్వాహకుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుండి వచ్చే చేర్పులను నిషేధించాడు. అంతకు ముందు అక్కడినుండి చేరిన 435 మార్పులను మళ్ళీ చదివించారు. వాటిలో 349 సరైనవిగా, 39 సవరించవలసినవిగా తేలాయి. పరిశోధకులు తమ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. పరిశోధనా నీతి గురించి చాలా చర్చ జరిగింది గాని, 435 మార్పులను తిరిగి చదివినవారి శ్రమ గురించి అంతగా జరగలేదు.

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంతకంటె తీవ్రమైనది. ఎక్స్‌జెడ్ అనేది దాదాపు అన్ని లినక్సు పంపిణీలలోనూ ఉండే ఫైళ్ళ కుదింపు సాధనం. దానిని ఒకే వ్యక్తి సంవత్సరాల తరబడి జీతం లేకుండా నిర్వహిస్తూ వచ్చాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఉపయోగకరమైన ప్యాచిలు పంపడం మొదలుపెట్టారు. 2022లో మరికొన్ని అపరిచిత పేర్లతో, పనులు ఆలస్యమవుతున్నాయని, కొత్త నిర్వాహకుడు కావాలని నిర్వాహకుని మీద ఒత్తిడి వచ్చింది. తన ఆరోగ్యం సరిగాలేదని, ఇది జీతంలేని అభిరుచి మాత్రమేనని ఆయన బదులిచ్చాడు. క్రమంగా జియా టాన్‌కు కోడు చేర్చే హక్కు, విడుదల చేసే హక్కు లభించాయి. 2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలలలో, ఇతరుల సర్వర్లలో అనుమతి లేకుండా ఆదేశాలు నడపగల దొంగదారి ఉంది. దానిలో ముఖ్యభాగాన్ని పరీక్షల కోసమని చేర్చిన ఫైళ్ళలో దాచారు. దానిని పనిచేయించే భాగం విడుదల చేసిన మూటలోనే ఉంది, అందరూ చూసే గిట్ కోడులో లేదు. ఆండ్రెస్ ఫ్రెయండ్ అనే ప్రోగ్రామరు వేరే పని చేస్తుండగా సర్వరు లాగిన్ అరసెకను ఆలస్యమవడం గమనించి, కారణం వెదుకుతూ దీనిని కనుగొన్నాడు. స్థిరమైన పంపిణీలలో చాలావరకు ఈ విడుదలలు అప్పటికింకా చేరలేదు. జియా టాన్ వెనుక ఎవరున్నదీ బయటపడలేదు.

ఈ రెండు సంఘటనలను ఒకే గాటన కట్టడం సరికాదు. మిన్నెసోటా ప్రయోగం ప్యాచిల సమీక్షను పరీక్షించింది. ఎక్స్‌జెడ్ దాడి సమీక్షను మోసగించవలసిన అవసరమే లేకుండా సమీక్షకుని స్థానంలోకి ప్రవేశించింది. జియా టాన్ పంపిన ప్యాచిలలో చాలాభాగం మంచివే, అందుకే ఆ స్థానం దొరికింది. కోడును ఎలా చదవాలో ప్రతి పెద్ద ప్రాజెక్టుకూ నియమాలున్నాయి. అలసిన నిర్వాహకుడు తన బాధ్యతను ఎవరికి, ఏ విచారణ తరువాత అప్పగించాలో చాలా చిన్న ప్రాజెక్టులకు నియమమేదీ లేదు. దాడి జరిగింది అక్కడే.

పనికిరాని చేర్పుల వరద

దురుద్దేశం లేని చేర్పులు కూడా భారం కాగలవు. డిజిటల్ ఓషన్ సంస్థ ఏటా అక్టోబరులో నిర్వహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు చేర్పులు పంపినవారికి టీ-షర్టు ఇచ్చేవారు. 2020లో ఒక హిందీ యూట్యూబ్ వీడియో చూసి అనేకమంది విద్యార్థులు పరిచయ పత్రంలో ఒకటి రెండు పొగడ్త మాటలు చేర్చి వందలాది ప్రాజెక్టులకు పంపారు. ఆ నెల మొదటి వారంలోనే నిర్వాహకులు కోరుకున్న ప్రాజెక్టులకే కార్యక్రమం వర్తించేలా నిబంధన మార్చవలసి వచ్చింది. ఒక పంక్తి చేర్చడానికి విద్యార్థికి పట్టేది నిమిషం. దానిని తెరచి, చదివి, మూసివేయడానికి నిర్వాహకునికీ ఇంచుమించు అంతే, కాకపోతే అటువంటివి ఆయనకు పదులకొద్దీ వస్తాయి.

కృత్రిమ మేధతో రాసిన కోడు ఈ తూకాన్ని మరింత మార్చింది. పూర్వం పొడవైన, శుభ్రమైన ప్యాచి వచ్చిందంటే పంపినవారు దాని మీద శ్రమించారని అర్థం. ఆ సూచన ఇప్పుడు పనిచేయదు. 2024 ఏప్రిల్‌లో జెంటూ, మే నెలలో నెట్‌బీఎస్‌డీ ఇటువంటి చేర్పులను నిరాకరించే విధానాలు ప్రకటించాయి. కర్ల్ ప్రాజెక్టు స్థాపకుడు డేనియల్ స్టెన్‌బర్గ్, యంత్రం రాసిన తప్పుడు భద్రతా నివేదికలు తమ బృందపు సమయాన్ని హరిస్తున్నాయని పలుమార్లు బహిరంగంగా చెప్పాడు. లోపాలు చూపినవారికి ఇచ్చే నగదు బహుమతిని ఆ ప్రాజెక్టు 2026 జనవరి ముగింపుతో నిలిపివేసింది. కొత్తగా చేరదలచిన విద్యార్థులకు దీనివలన కలిగే నష్టం తక్కువేమీ కాదు: అపరిచితుని నుండి వచ్చిన మొదటి ప్యాచిని నిర్వాహకులు మునుపటికంటె అనుమానంగా చూస్తున్నారు. ఇతరుల ప్యాచిలను పరీక్షించి ఫలితం తెలపడం, పాత దోష నివేదికలు ఇంకా వర్తిస్తాయో లేదో సరిచూడడం వంటి పనులకు మాత్రం ఇప్పటికీ చేతులు చాలడం లేదు.