పిలుచుటకు వెనుదీయరాదు

ఆసుపత్రిలో రోగి గుండె హఠాత్తుగా నాగెనందురు. కాని పెక్కుసారులు కొన్నిగంటల ముందే శ్వాస వేగపడుట, నాడి చెదరుట, తెలివి మందగించుట కానవచ్చును. 1990లో ఆస్ట్రేలియాయందలి సిడ్నీనగరమున లివర్‌పూలు ఆసుపత్రివారు, ఈ చిహ్నములు పొడసూపినంతనే నర్సు పిలువఁగాఁ బరుగున వచ్చు వైద్యబృందము నేర్పఱచిరి. ఆ దేశముననే క్వీన్స్‌లాండు రాష్ట్రమందు 2007లో మూఁడేండ్లు నిండని బాలుఁ డొకఁడు, తలిదండ్రుల మొఱ సకాలమున వినువారు లేక మరణించెను. ఆ బాలుని పేర వెలసిన నియమముచే 2013 నుండి యచటి కుటుంబములవారును రోగిని మఱల పరీక్షింపుఁడని కోరవచ్చును.

బృందమున్నంతఁ జాలదు. వ్యర్థముగాఁ బిలిచితివని యొకసారి గద్దించినచో, మఱునాఁ డా నర్సు పిలుచుటకు వెనుదీయును. పది వృథాపిలుపులకంటె పిలువక గడపిన యొక్క రాత్రియే చేటని మా తలంపు. కావున మేము కోరునది: మనవారిని ఆసుపత్రిలోఁ జేర్చిననాఁడే, అపాయము తోఁచినచో నెవ్వరిని బిలువవలయునో యడిగి తెలిసికొనుఁడు.