81 నెలల సున్నా.. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

2024 డిసెంబరులో ఓ వార్త మా సింహాద్రిపురం వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. వేలూరు సీఎంసీలో హీమోఫీలియాకి జన్యు చికిత్స చేశారు, ఐదుగురికి ఇస్తే ఐదుగురిలోనూ రక్తస్రావాలు సున్నా అని. నాతో హైస్కూల్లో చదివిన ఒకడికి హీమోఫీలియా ఉంది. ఆటల పీరియడ్‌లో మేం కబడ్డీ ఆడుతుంటే వాడు వేపచెట్టు కింద కూర్చుని మా చెప్పులకి కాపలా కాసేవాడు. మోకాలు వాచిందంటే వారం పాటు బడికి వచ్చేవాడు కాదు. ఆ వార్త నాకు పంపి, 'రేయ్, ఇంజినీరువి కదా, చదివి చెప్పు. ఇది సేఫేనా?' అని అడిగాడు.

నిమిషంలో 'సేఫేరా' అని కొట్టేశాను. తర్వాత అసలు పేపరు చదివాక ఆ మెసేజ్ డిలీట్ చేశాను. చికిత్స మంచిది కాదని కాదు. 'సేఫ్' అనే మాటకి ఇక్కడ అర్థం వేరు. ఆ అర్థాన్ని తేల్చే పనిలో బయాలజీ ఎంతో, డేటా పని కూడా అంతే. ఈ పేజీలో రాస్తున్నది అందుకే.

ముందు చికిత్స ఏంటో చూద్దాం. హీమోఫీలియా ఎ ఉన్నవారిలో ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ సరిగ్గా తయారవదు. అందుకే రక్తం గడ్డకట్టదు. వేలూరులోని సెంటర్ ఫర్ స్టెమ్ సెల్ రీసెర్చ్‌లో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీతో కలిసి, రోగి రక్త మూలకణాలనే బయటికి తీసింది. లెంటివైరస్ సాయంతో వాటిలోకి ఫ్యాక్టర్ 8 జన్యువుని పంపింది. రోగికి కీమోథెరపీ ఇచ్చి, మజ్జలో చోటు చేసి, ఆ కణాలని తిరిగి ఎక్కించింది. ఫలితాలు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. రోగులు 22 నుంచి 41 ఏళ్ల వాళ్లు. ఐదుగురినీ గమనించిన కాలం మొత్తం కలిపితే 81 నెలలు.

ఇంతకీ భయం దేనికంటే, లెంటివైరస్ తను తెచ్చిన జన్యువుని మన డీఎన్ఏలోనే అతికిస్తుంది. ఎక్కడ అతికించాలో మనం చెప్పలేం. 300 కోట్ల అక్షరాల పుస్తకంలో ఒక్కో కణంలో ఒక్కో పేజీలో దూరుతుంది. చాలావరకు ఏ ఖాళీ జాగాలోనో, నష్టం లేని చోటో పడుతుంది. కానీ కణం పెరుగుదలని నడిపే జన్యువు పక్కన పడి, దాన్ని ఆన్ చేసేసిందనుకోండి, ఆ ఒక్క కణం పిల్లలు మిగతావాటిని తోసేసి పెరిగిపోవచ్చు. రక్త క్యాన్సర్ అలా మొదలవ్వొచ్చు.

ఇది ఊహ కాదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలకి పారిస్, లండన్‌లలో పాతతరం రెట్రోవైరస్‌తో ఇలాంటి చికిత్సే చేశారు. మొదట పెద్ద విజయం. తర్వాత మొత్తం 20 మందిలో ఐదుగురికి లుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. వైరస్ ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన దూరడమే ఎక్కువ మందిలో కారణమని తేలింది. చికిత్సకీ జబ్బుకీ మధ్య రెండేళ్ల నుంచి ఐదారేళ్లు గడిచాయి. ఆ దెబ్బతో వెక్టర్ల డిజైన్ మార్చారు. పక్క జన్యువుల్ని లేపే స్విచ్ తీసేసిన లెంటివైరస్‌లు వచ్చాయి. ఇక ఆ బాధ లేదని చాలామంది అనుకున్నారు.

అప్పుడొచ్చింది స్కైసోనా కథ. మెదడుని దెబ్బతీసే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకి ఇచ్చే లెంటివైరస్ చికిత్స ఇది. ధర 30 లక్షల డాలర్లు. 2022 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. 2024 అక్టోబరు నాటికి ట్రయల్స్‌లోని 67 మంది పిల్లల్లో ఏడుగురికి రక్త క్యాన్సర్ వచ్చిందని అదే న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో రాశారు. 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ వాడకాన్ని కుదించేనాటికి ఆ లెక్క పదికి చేరింది. ఎక్కువ మందిలో వైరస్ మెకామ్ అనే జన్యువు దగ్గర కూర్చుంది. వేరే స్విచ్ తీసేసినా, తెచ్చిన జన్యువుని నడపడానికి పెట్టిన ప్రమోటర్ మరీ బలమైనది కావడం కారణమని అనుమానం. ఏడుగురిలో ఒకరికి 14వ నెలలోనే బయటపడితే, ఇంకొకరికి 92వ నెలలో.

92 అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. వేలూరులో ఐదుగురి కాలం మొత్తం కలిపినా 81 నెలలే. సగటున ఒక్కొక్కరికి 16. ఇలాంటి చికిత్స తీసుకున్న వారిని 15 ఏళ్లు గమనించాలన్నది ఎఫ్‌డీఏ మార్గదర్శకం. అంటే ఐదుగురికి 900 నెలలు. మనం చదివింది తొమ్మిది శాతం సినిమా.

ఇంకో లెక్క, కాలిక్యులేటర్ తీసి మీరే చూడండి. ఏదైనా చికిత్సలో ముప్పు నూటికి 45 ఉందనుకుందాం. ఒకరికి ఏమీ కాకపోయే అవకాశం 0.55. దాన్ని ఐదుసార్లు హెచ్చవేస్తే సుమారు 0.05. అంత ఘోరమైన ముప్పు ఉన్నా, ఐదుగురూ క్షేమంగా ఉండే అవకాశం నూటికి ఐదు ఉంటుందన్నమాట. వేలూరు ముప్పు అంత ఉందని నేననట్లేదు, అలా ఎవరైనా అంటే అది తప్పు. అక్కడ వాడిన ప్రమోటర్ ప్రధానంగా ఒక రకం తెల్ల కణాల్లోనే పనిచేసేలా ఎంచుకున్నది. బీటా తలసీమియాకి లెంటివైరస్ చికిత్స తీసుకున్న 60 మందికి పైగా రోగుల్లో వైరస్ వల్ల క్యాన్సర్ వచ్చినట్టు తేలలేదు. అది ధైర్యమిచ్చే విషయమే. ఐదుగురి సున్నా మాత్రం ఒంటరిగా ఏదీ నిరూపించదు.

మరి గమనించడమంటే ఏం చేస్తారు? నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. వైరస్ దూరిన చోటు ప్రతి కణానికీ ఆధార్ నంబర్ లాంటిది. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే నంబరు మోస్తాయి. కొన్ని నెలలకోసారి రక్తం తీసి, డీఎన్ఏని ముక్కలు చేసి, వైరస్ కొసా మన డీఎన్ఏ కలిసే చోటుని మాత్రం పీసీఆర్‌తో పెంచి, సీక్వెన్స్ చేస్తారు. వచ్చిన లక్షల రీడ్లని మానవ జీనోమ్‌తో పోల్చి అడ్రసులు రాబడతారు. వేల అడ్రసులు కనబడి, ఒక్కోదాని వాటా చిన్నగా ఉంటే మంచిది. ఒకే అడ్రసు వాటా ఈసారి 3 శాతం, వచ్చేసారి 12, ఆపైన 30 అయితే డాక్టరుకి ఫోన్ వెళ్లాలి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పొకటుంది. రీడ్ల సంఖ్యనే కణాల సంఖ్య అనుకుంటారు. పీసీఆర్ కొన్ని ముక్కల్ని ఎక్కువసార్లు జిరాక్స్ తీస్తుంది. అందుకే ఒకే అడ్రసులో డీఎన్ఏ ఎన్ని వేర్వేరు చోట్ల విరిగిందో లెక్కపెట్టాలి. ఈ చిన్న సంగతి తెలియకపోతే లేని క్యాన్సర్‌ని చూపిస్తారు, ఉన్నదాన్ని దాచేస్తారు.

ఈ లెక్క నేరం మోపడానికే కాదు, విడిపించడానికీ పనికొస్తుంది. 2021 ఫిబ్రవరిలో సికిల్ సెల్ ట్రయల్‌లో ఒకరికి లుకేమియా రావడంతో చికిత్స ఆపేశారు. అడ్రసు చూస్తే వైరస్ వీఏఎంపీ4 అనే జన్యువులో ఉంది. ఆ జన్యువుకి లుకేమియాతో తెలిసిన సంబంధం లేదు, చుట్టుపక్కల జన్యువులూ మారలేదు. జూన్‌లో ఎఫ్‌డీఏ ఆంక్ష ఎత్తేసింది. ఫ్రాన్స్‌లో ఒక తలసీమియా రోగిలోనైతే హెచ్ఎంజీఏ2 జన్యువులో వైరస్ ఉన్న కణాల గుంపు బాగా పెరిగింది, కానీ క్యాన్సర్‌గా మారలేదు. పెరిగినదల్లా క్యాన్సర్ కాదు. తీర్పు చెప్పేది సాఫ్ట్‌వేర్ కాదు, దాన్ని చదివే మనిషి.

ఆ మనుషులు మన దగ్గర తక్కువ. సీఎస్ఈ చేసినవాళ్లకి జీనోమ్ తెలియదు, బయోటెక్ వాళ్లు లైనక్స్ టెర్మినల్ చూస్తే జడుసుకుంటారు. రెండిటి మధ్యలో నిలబడగలిగితే చాలు. పైథాన్ లేదా ఆర్, అలైన్‌మెంట్ టూల్స్, కాస్త సర్వైవల్ అనాలిసిస్ కావాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని బుష్‌మన్ ల్యాబ్ తయారుచేసిన ఇన్‌స్పైర్డ్ అనే పైప్‌లైన్ గిట్‌హబ్‌లో ఉచితంగా ఉంది. సర్టిఫికెట్ కోర్సుకి వేలు పోసేముందు దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో నడిపి చూడండి, నాకైతే రెండు వారాలు పట్టింది. బయోటెక్ వాళ్లకి పీజీ సీట్లకి గ్యాట్-బి, పరిశోధన ఫెలోషిప్‌కి బెట్ ఉన్నాయి. బీఫార్మసీ, ఫార్మ్‌డీ వాళ్లకి హైదరాబాద్ ఫార్మకోవిజిలెన్స్ కంపెనీలు తెలిసినవే. ట్రయల్‌లో తీవ్రమైన ఇబ్బంది వస్తే డాక్టరు 24 గంటల్లో తెలపాలని మన 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఆ రిపోర్టులు చదివే ఉద్యోగాన్ని చాలామంది డేటా ఎంట్రీగా చూస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

మన దేశంలో లుకేమియా, లింఫోమా రోగులకి 2023లో ఆమోదం పొందిన నెక్స్‌కార్19 కూడా లెంటివైరస్‌తోనే తయారవుతుంది, మూలకణాల్లో కాకుండా టీ కణాల్లో. అంటే చూడాల్సిన రోగులు ఇప్పటికే ఉన్నారు, ఏటా పెరుగుతారు.

మావాడికి ఇదంతా ఫోన్‌లో చెప్పేసరికి గంట దాటింది. 'ఐతే వద్దంటావా?' అన్నాడు. వద్దనట్లేదురా, అడగాల్సింది అడుగు అన్నాను. ఇద్దరం కలిసి కాగితం మీద మూడు ప్రశ్నలు రాశాం. వైరస్ ఎక్కడ దూరిందో పరీక్ష ఎన్ని నెలలకోసారి చేస్తారు? ఎన్నేళ్లు చేస్తారు? ఊరు నుంచి వేలూరుకి అన్నిసార్లు రావడానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మూడోది వాడు చేర్చిందే. ఆ కాగితం మడిచి తన ఫ్యాక్టర్ ఇంజెక్షన్ల ఫైలులో పెట్టుకున్నాడు.