కంచానికి బదిలీ ఎప్పుడు?

ఉప్పళంలో ఇల్లు తీసుకున్న మొదటిరోజు సామాన్ల లారీ ఇంకా రాలేదు. పక్కింటి ఆంటీ తలుపు దగ్గర నిలబడి "తట్టు వేణుమా?" అని అడిగారు. అమ్మ బెదిరిపోయింది. మనకు తట్టు అంటే ఒళ్ళంతా పొక్కే జబ్బు కదా! ఆంటీ నవ్వి, చేతిలోని స్టీలు కంచాలు చూపించారు. తమిళంలో కంచాన్ని తట్టు అంటారని ఆ రోజే తెలిసింది.

మర్నాడు లారీ వచ్చింది. అట్టపెట్టెల్లోంచి మా వెదురు కంచాలు ఆరూ బయటికి వచ్చాయి. వాటిని నాగపూర్‌లో ఉండగా కొన్నాం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ తర్వాత దుకాణాల్లో ఎటు చూసినా "ప్రకృతికి మేలు" అని రాసిన సామానే. మా కంచాల మీద కూడా ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. తేలిక, పగలవు. బదిలీల మీద తిరిగే ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం.

ఇప్పుడు వాటిలో రెండు పాడయ్యాయి. చెల్లి కంచం మధ్యలో మెరుపు పోయింది. గోరుతో గీస్తే గరుకుగా తగులుతుంది. రోజూ వేడి చారు పోసే చోట తెల్లటి మచ్చ పడింది. అన్నయ్య కంచం అంచున వెంట్రుకంత చీలిక ఉంది, కడిగినా అందులో పసుపు పోదు. వేడి నీళ్ళు పోస్తే ఘాటైన వాసన వస్తోంది. మార్చమని అడిగితే అమ్మ "పగలలేదుగా, బాగానే ఉన్నాయి" అంది. నాన్న "మళ్ళీ బదిలీ అయ్యాక కొత్తవి కొందాంలే" అన్నారు.

ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. కర్టెన్లు బదిలీ అయ్యాక, మంచం బదిలీ అయ్యాక, సైకిలు బదిలీ అయ్యాక. తీరా ఆర్డరు వచ్చాక బాగున్న బాల్చీ కూడా "ఎందుకు మోయడం" అని ఎవరికో ఇచ్చేస్తాం. పాడైన వాటిని మూడేళ్ళు భరిస్తాం, మంచివాటిని మూడు రోజుల్లో వదిలేస్తాం. కంచం ఎప్పుడు మార్చాలో చెప్పాల్సింది కంచమే, బదిలీ ఆర్డరు కాదని మేమంటాం.

అసలు వెదురు కంచంలో ఉన్నది వెదురు ఒక్కటే కాదు. వెదురు పొడిని ముద్దగా పట్టి ఉంచడానికి చాలావాటిలో మెలమిన్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన రెసిన్ కలుపుతారు. అది ఒక రకం ప్లాస్టిక్కే. 70 డిగ్రీలు దాటిన వేడి తగిలినా, పులుపు తగిలినా ఆ రెసిన్‌లోంచి రసాయనాలు ఎక్కువగా ఆహారంలోకి దిగుతాయి. పైపొర అరిగి నీళ్ళు లోపలికి వెళితే వెదురు పొడి ఉబ్బుతుంది, కంచం ఇంకా తొందరగా చెడుతుంది. మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. మేం నాగపూర్‌లో పెట్టేవాళ్ళం, అది మా తప్పు. యూరప్ దేశాలు 2021లో ఇలాంటి వెదురుపొడి ప్లాస్టిక్ పాత్రలను మార్కెట్లోంచి తీయించే పని మొదలుపెట్టాయి. అక్కడ వాళ్ళ భయం వేడి కాఫీ గురించి. మన పొయ్యి మీంచి నేరుగా వచ్చే చింతపండు చారులో వేడీ పులుపూ రెండూ ఉన్నాయి!

అమ్మ వాదనలోనూ న్యాయం ఉంది. పర్యావరణం అంటూ ఏడాదికోసారి కొత్తవి కొంటే ఇక దాచిందేమిటి? అందుకే పసుపు మరక పడిందనో, రంగు వెలిసిందనో, ఆరులో ఒకటి తగ్గి జత చెడిందనో మార్చక్కర్లేదు. గరుకు, చీలిక, ఉబ్బు, వాసన, ఇవి వస్తే మాత్రం ఆ రోజు నుంచే అందులో అన్నం పెట్టకూడదు. బాగున్న నాలుగింటినీ మేం పారేయలేదు. వాటిలో జంతికలు, అరటిపళ్ళు పెట్టుకుంటున్నాం. చెడిన రెండూ పూలకుండీల కింద ఉన్నాయి. ఆకు బొమ్మ ఉంది కదా అని మట్టిలో పాతితే అవి కుళ్ళవు, ఆ రెసిన్‌ను కరిగించి మళ్ళీ వాడడమూ కుదరదు.

వక్క మట్ట పళ్ళేల సంగతి వేరే. అవి ఒక పూటవి. చెల్లి పుట్టినరోజుకి తెచ్చిన వాటిలో మిగిలిన కట్టను అటక మీద పెట్టాం. ఇక్కడ వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి, పక్కనే సముద్రం. నవంబరులో కట్ట విప్పితే బూడిదరంగు బూజు. తుడిచి ఎండలో పెడదామంది అమ్మ. వద్దన్నాం. అరిటాకు వడిలితే ఎవరూ బాధపడకుండా తీసేస్తాం కదా, ఇదీ అంతే. ముక్కలు చేసి కరివేపాకు మొక్క మొదట్లో వేశాం.

ఇక మిగిలింది స్టీలు. అమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చిన కంచాలు మాతో విశాఖపట్నం, నాగపూర్ తిరిగి ఇక్కడికి వచ్చాయి. వెనక చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు. సొట్టలున్నాయి, సొట్ట పడితే కంచం చెడినట్టు కాదు. ఎంత తోమినా మళ్ళీ వచ్చే తుప్పు గుంటలు పడితేనో, అంచు లేచి చెయ్యి కోసుకుంటేనో మార్చాలి. ఉప్పు స్టీలును కూడా తినేస్తుంది. ఆవకాయ కలిపిన కంచాన్ని రాత్రంతా సింకులో వదిలేయడం అన్నయ్యకు అలవాటు. ఉప్పళం అంటేనే ఉప్పు పండించే మడి, ఈ ఊళ్ళో ఉండి ఆ పని మానకపోతే ఎలా?

పోయిన ఆదివారం నాన్న మమ్మల్ని బజారుకు తీసుకెళ్ళి రెండు స్టీలు కంచాలు కొన్నారు. పేరు కొట్టే ఆయన ఏం రాయాలని అడిగితే, కాగితం మీద మా పేర్లూ, కింద "ఉప్పళం" అనీ తెలుగులో రాసి ఇచ్చాం. ఆయనకు తెలుగు రాదు. చూసి చూసి ఒక్కో చుక్కా కొట్టారు. "ళ" మాత్రం కొంచెం తమిళంలా వచ్చింది. నాన్న మళ్ళీ కొట్టిద్దామన్నారు, మేమే వద్దన్నాం.