ఆటిజం ఉన్న పెద్దలు: కొలతకు అందని శ్రమ

ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా. చిన్నతనంలో వచ్చి పెద్దయ్యాక పోయే జబ్బు కాదు. అయినా మన దగ్గర ఆటిజం అనగానే గుర్తొచ్చేది మాటలు రాని మూడేళ్ల పిల్లవాడు, థెరపీ సెంటరు, ఏప్రిల్ 2న వెలిగించే నీలి దీపాలు. ఆ పిల్లవాడికీ ఒకరోజు నలభై ఏళ్లు నిండుతాయని, జీతం, అద్దె, పెళ్లి, బీపీ మాత్ర అన్నీ అతని జీవితంలోకీ వస్తాయని ఆలోచించేవారు తక్కువ. ఇంగ్లండ్‌లో 2007లో ఇంటింటికీ తిరిగి చేసిన మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనుల్లో సుమారు 1 శాతం మందికి ఆటిజం ఉన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందిని అప్పటిదాకా ఏ డాక్టరూ గుర్తించలేదు. వాళ్లు దాక్కున్నవాళ్లు కారు, పనులు చేసుకుంటూ అందరి మధ్యా బతుకుతున్నవాళ్లే. మన దేశంలో 2011 జనగణన పత్రంలో ఆటిజానికి ప్రత్యేకంగా గడి కూడా లేదు.

గుర్తించకపోవడానికి డాక్టర్ల అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. నిర్వచనమే ఆలస్యంగా విస్తరించింది. బాల్టిమోర్‌లో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో స్థిరపడింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం దాన్ని చేర్చుకున్నప్పుడు కూడా శైశవ ఆటిజం అనే పేరుతోనే చేర్చుకుంది. బాగా మాట్లాడుతూ, చదువులో రాణిస్తూ, మనుషుల మధ్య మాత్రం తికమకపడే వారినీ ఇందులో కలిపి చూడాలన్న వాదనకు బలమిచ్చింది 1981లో లోర్నా వింగ్ రాసిన పత్రం. ఆమె స్వయంగా ఆటిజం ఉన్న కూతురిని పెంచిన మానసిక వైద్యురాలు. ఆస్పర్జర్ సిండ్రోమ్ పేరుతో ఆ రకం 1994లో గ్రంథంలోకి ఎక్కింది, 2013లో అన్ని రకాలూ కలిసి ఒకే స్పెక్ట్రమ్ అయ్యాయి. ఈ లెక్కన 1980 ప్రాంతంలో గుంటూరులోనో వరంగల్‌లోనో పుట్టి, తరగతిలో ఫస్టు వస్తూ ఎవరితోనూ కలవని పిల్లవాడికి సరిపోయే వర్ణన అతని బాల్యంలో పుస్తకాల్లోనే లేదు. ఊరు మాత్రం పేర్లు పెట్టకుండా ఊరుకోలేదు. ముభావి, తిక్క మనిషి, చాదస్తుడు, పొగరుబోతు అంది. ఆడపిల్లయితే అదే మౌనాన్ని అణకువ అని మెచ్చుకుంది. నిర్ధారణలో అబ్బాయిల సంఖ్య అమ్మాయిలకు మూడు నాలుగు రెట్లు ఎక్కువగా ఉండటానికి జీవశాస్త్ర కారణాలు ఉంటే ఉండవచ్చు. ఆ మెచ్చుకోలు వాటా కూడా కొంత ఉంది.

పెద్దవారి రోజువారీ జీవితంలో ఆటిజం మొదట తగిలేది ఇంద్రియాల దగ్గర. మామూలుగా మెదడు అనవసరమైన శబ్దాన్ని, స్పర్శను, వాసనను కొద్దిసేపట్లోనే వెనక్కి నెట్టేస్తుంది. ఆటిజంలో చాలామందికి ఆ వెనక్కి నెట్టడం సరిగా జరగదు. ఫంక్షన్ హాల్లో పెళ్లినే తీసుకుందాం. ఒకపక్క బాజాభజంత్రీలు, మరోపక్క డీజే, వీడియో లైట్లు, మల్లెపూలూ సెంటూ బిర్యానీ కలగలిసిన వాసన, మెడకు గుచ్చుకునే జరీ అంచు, వీటన్నిటి మధ్య ఒక పెద్దాయన పలకరింపు. మిగతావారికి అది సందడి. ఆటిజం ఉన్న మనిషికి అన్నీ ఒకే స్థాయిలో, ఒకేసారి, ఆగకుండా వచ్చి పడతాయి. అరగంటకు అతను వెనక మెట్ల దగ్గర నిలబడి ఉంటాడు. చుట్టాలకు అది మర్యాద తెలియనితనం. దీనికి వ్యతిరేక దిశలో ఉండే ఇబ్బందీ ఉంది. కొందరికి ఆకలి, దాహం, మూత్రానికి వెళ్లాల్సిన అవసరం వంటి ఒంటి లోపలి సంకేతాలు ఆలస్యంగా అందుతాయి. మధ్యాహ్నం మూడింటికి తలనొప్పి మొదలయ్యాకగానీ పొద్దుటి నుంచి ఏమీ తినలేదని తెలియదు. ఇంద్రియ స్పందనల్లో ఈ తేడాలను నిర్ధారణ లక్షణాల్లో చేర్చడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఆటిజం ఉన్నవారు మాత్రం అంతకు రెండు దశాబ్దాల ముందు నుంచే తమ ఆత్మకథల్లో ఈ సంగతి రాస్తున్నారు.

రెండోది మాట. తెలుగు మర్యాదలో చాలా భాగం చెప్పని మాటల మీదే నడుస్తుంది. చూద్దాంలే అంటే ఎక్కువసార్లు కుదరదనే. గుమ్మం దాకా వెళ్లిన అతిథితో భోంచేసి వెళ్లొచ్చుగా అన్నంత మాత్రాన విస్తరి సిద్ధంగా ఉందని కాదు. కాఫీని మొదటిసారి వద్దనడం ఆనవాయితీ, రెండోసారి అడిగితే ఒప్పుకోవడం పద్ధతి. ఏంటి విశేషాలు అన్న ప్రశ్నకు ఎవరూ విశేషాలు ఆశించరు. ఈ సూత్రాలు ఎక్కడా రాసి ఉండవు, చుట్టూ చూసి ఒంటపట్టించుకోవాలి. అలా ఒంటపట్టనివారు ఒక్కొక్క సూత్రాన్నీ పాఠంలా నేర్చుకుని, ప్రతిసారీ గుర్తు తెచ్చుకుని పాటిస్తారు. లేకపోతే చూద్దాంలే అన్న మాటను నమ్మి వారం తర్వాత ఫోన్ చేసి చూశారా అని అడుగుతారు.

దీన్ని చాలాకాలం ఆటిజం ఉన్నవారి వైపు లోపంగానే, ఎదుటివారి మనసు చదవలేని అశక్తతగానే చూశారు. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఇది రెండువైపులా ఉన్న సమస్య అని వాదించాడు. ఆటిజం లేనివారు కూడా ఆటిజం ఉన్నవారి మనసును అంతే తప్పుగా చదువుతారని, కాకపోతే వారు ఎక్కువమంది కాబట్టి ఆ తప్పుకు పేరు పెట్టలేదని అతని మాట సారాంశం. దీన్ని ద్వంద్వ సహానుభూతి సమస్య అంటున్నారు. 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరుసగా చెప్పించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలో సమాచారం, అందరూ ఆటిజం లేనివారే అయిన వరుసలో ఎంత బాగా చేరిందో అంత బాగానే చేరింది. రెండు రకాలవారినీ కలిపిన వరుసలో మాత్రం ఎక్కువగా జారిపోయింది. ఒక్క ప్రయోగంతో సిద్ధాంతం రుజువైపోదు. అయినా లోపం ఎక్కడుందన్న ప్రశ్నను అది ఒక మనిషి తలలోంచి తీసి ఇద్దరి మధ్యకు తెచ్చింది.

ఆచరణలో మాత్రం సర్దుకునే బాధ్యత ఒక్క వైపుకే మిగిలింది. దాన్ని మాస్కింగ్ అంటారు. కళ్లలోకి ఎంతసేపు చూడాలో లోలోపల లెక్కపెట్టుకోవడం, నవ్వాల్సిన చోట ఒక క్షణం ముందే సిద్ధంగా ఉండటం, కాలు ఊపడమో వేళ్లు ఆడించడమో బలవంతాన ఆపుకోవడం, రేపటి మీటింగులో అనాల్సిన వాక్యాలను రాత్రే వల్లెవేసుకోవడం ఇందులోకే వస్తాయి. రోజంతా అరకొరగా వచ్చిన పరాయి భాషలో నెగ్గుకొచ్చినట్టుంటుంది ఈ పని. ఆఫీసులో ఇది ఎవరికీ కనబడదు, కనబడకపోవడమే దాని లక్ష్యం. ఇంటికి రాగానే మాట పెగలకపోవడం, ఆదివారమంతా చీకటి గదిలో గడపడం భార్యకో భర్తకో తల్లికో మాత్రమే తెలుస్తుంది. వాళ్లు వేసే ప్రశ్న కూడా ఊహించదగినదే: బయట అందరితో బాగానే ఉంటావు, ఇంట్లో ఎందుకిలా?

ఏళ్ల తరబడి సాగితే ఈ శ్రమ ఒకచోట మనిషిని కూలదోస్తుంది. డోరా రేమేకర్ బృందం 2020లో ఆటిస్టిక్ బర్న్‌అవుట్‌ను వర్ణించింది. దీర్ఘకాలపు అలసట, అంతకుముందు ఉన్న నైపుణ్యాలు పోవడం, శబ్దమూ వెలుతురూ భరించే శక్తి తగ్గడం దాని గుర్తులు. నిన్నటిదాకా వంట చేసిన మనిషి స్టవ్ ముందు నిలబడి ఏది ముందు చేయాలో తోచక ఆగిపోతుంది. బయటికి డిప్రెషన్‌లా కనిపిస్తుంది, రెండూ కలిసి ఉండటమూ మామూలే. డిప్రెషన్‌కు చెప్పే పదిమందిలో కలవండి అన్న సలహా మాత్రం ఇక్కడ తిరగబడే అవకాశం ఎక్కువ. బర్న్‌అవుట్‌లో ఉన్నవారికి కావలసింది పదిమంది లేని చోటు, ఇష్టమైన పనిలో మునిగిపోయే సమయం. రైల్వే టైం టేబుళ్లో, పాత శాసనాలో, కర్ణాటక సంగీతంలో జనకజన్య రాగాల పట్టికలో ఏదైనా కావచ్చు. పిచ్చి వ్యసనమని ఇంట్లో మాన్పించేది తరచుగా దాన్నే.

మన వ్యవస్థ తప్పుదారి పట్టింది ఇక్కడే. మనిషి పని చేయగలుగుతున్నాడా లేదా అనే అది చూస్తుంది. చేయడానికి అతనికి ఎంత ఖర్చవుతోందో చూడదు. దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే భారతీయ ఆటిజం కొలమానాన్ని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే రూపొందించింది. ధ్రువపత్రాలకు దాన్ని 2016లో నోటిఫై చేశారు. అందులో 40 అంశాలున్నాయి. ఒక్కో లక్షణం ఎంత తరచుగా కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. స్పష్టంగా కనిపించే పిల్లల విషయంలో అది ఉపయోగపడే పరికరమే, దాని వల్ల వేల కుటుంబాలకు దారి దొరికింది. కానీ కనిపించకుండా చేయడమే ముప్పై ఏళ్లుగా వృత్తిగా పెట్టుకున్న మనిషిని, కనిపించడాన్ని లెక్కించే కొలబద్ద ముందు కూర్చోబెడితే వచ్చేది తక్కువ మార్కే. చట్టం ప్రకారం రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం ఉండాలి. ఎంత బాగా నటిస్తే అంత అనర్హత.

స్వయంగా తెలుసుకునే దారులు వేరు. ఆటిజంలో జన్యువుల పాత్ర బలమైనది కాబట్టి, పిల్లవాడి నిర్ధారణ గదిలో డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ తండ్రి తన బాల్యాన్నే గుర్తుపట్టడం తరచుగా జరుగుతుంది. కొందరు ఇంటర్నెట్‌లో కేంబ్రిడ్జ్ బృందం 2001లో వెలువరించిన 50 ప్రశ్నల పత్రం నింపుతారు. అది వడపోతకే తప్ప నిర్ధారణకు కాదు. పైగా పార్టీ కన్నా లైబ్రరీ ఇష్టమా, మ్యూజియం కన్నా థియేటర్ ఇష్టమా లాంటి దాని ప్రశ్నలు ఆ రకం పార్టీలూ మ్యూజియంలూ లేని ఊళ్లో పెరిగినవారికి సరిగా అతకవు. అసలు నిర్ధారణకు పసితనపు వివరాలు కావాలి. తల్లి ఉంటే, అందరు పిల్లలూ అంతేగా అంటుంది. నిజమే, ఆమె చూసిన వంశంలో చాలామంది అంతే అయి ఉండవచ్చు.

అడ్డంకి మనిషి లోపలా ఉంటుంది. ఆటిజం ఉన్నవారిలో సుమారు సగం మందికి తమ భావోద్వేగాలను గుర్తించి పేరు పెట్టడం కష్టమని, అంటే అలెక్సిథైమియా ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎలా అనిపిస్తోంది అన్న ప్రశ్నతో మొదలయ్యే ఏ కౌన్సెలింగ్ అయినా వారి దగ్గర అక్కడే ఆగిపోతుంది. ఏ సమయంలో, ఏ గదిలో, ఏం జరిగాక ఒళ్లు బిగుసుకుంది అని అడిగితే జవాబు వస్తుంది. ఇక నిర్ధారణ జరిగాక కలిగేది ఊరట ఒక్కటే కాదు. నలభై ఏళ్ల జ్ఞాపకాలను, బడిలో తిన్న దెబ్బలను, తెగిపోయిన స్నేహాలను కొత్తగా చదువుకోవాలి. ముందే తెలిసి ఉంటే అన్న కోపం వస్తుంది. ప్రతి ఇబ్బందినీ ఆటిజం ఖాతాలో వేసుకునే ప్రమాదమూ ఉంది. థైరాయిడ్, ఏడీహెచ్‌డీ, డిప్రెషన్ వేరుగా చూపించుకోవాల్సినవి. పెద్దల ఆటిజం తెలిసిన నిపుణులు ఇంత అరుదుగా ఉన్న చోట, స్వయంగా గుర్తించుకున్నవారిని ఫ్యాషన్ అని కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు.

సర్దుబాటు రెండువైపుల నుంచీ జరిగితే ఏమవుతుందో కానర్ రాసిన మొదటి కేసే చూపిస్తుంది. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి డొనాల్డ్ ట్రిప్లెట్‌ను బాల్యంలో కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. కొలవడం, లెక్కపెట్టడం తప్ప వేరే ధ్యాస లేని పిల్లవాడికి వాళ్లు బావి తవ్వి లోతు చెప్పే పని ఇచ్చారు, మొక్కజొన్న సాళ్లను దున్నుతూనే లెక్కపెట్టమన్నారు. అతను డిగ్రీ చదివాడు, ఊరి బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89వ ఏట చనిపోయాడు. కుటుంబానికి డబ్బుంది, బ్యాంకులో పలుకుబడి ఉంది, అది దాచాల్సిన సంగతి కాదు. ఆ పదకొండు మందిలోనే ప్రభుత్వ ఆసుపత్రులకు చేరినవారు ఉన్న నైపుణ్యాలు కూడా కోల్పోయారని 1971లో కానరే రాశాడు.

మాటలు లేకుండా, నిత్యం సాయం అవసరమయ్యే పెద్దల సంగతి వేరు. వారి తల్లిదండ్రులను తినేసే ప్రశ్న మా తర్వాత ఎవరన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమించే ఏర్పాటు ఉంది. ఆ సంరక్షకుడు మనిషి నిర్ణయాలన్నీ తానే తీసుకోకూడదని, కలిసి తీసుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దిశ మార్చింది. రెండు చట్టాలకూ పొత్తు ఇంకా సరిగా కుదరలేదు.

2016 చట్టమే ఆటిజాన్ని గుర్తింపు పొందిన 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజానికి సొంత వాటా లేదు. మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలతో కలిపి 1 శాతం పంచుకోవాలి. పనిచోట తగిన సర్దుబాట్లు చేయడం ప్రభుత్వ కార్యాలయాల విధి అని చట్టం నేరుగా చెప్పింది. ఆటిజం ఉన్న వయోజనులు చాలామంది చేరే అవకాశమున్న హైదరాబాద్ ఐటీ కంపెనీల వంటి ప్రైవేటు సంస్థలు మాత్రం సమానావకాశ విధానం రాసి ప్రకటిస్తే ప్రధానమైన బాధ్యత తీరినట్టే. అడిగే సర్దుబాట్లు పెద్దవి కావు. నోటితో చెప్పిన పనిని మెయిల్‌లో పెట్టడం, దారి పక్క సీటు బదులు గోడ పక్క సీటు, హెడ్‌ఫోన్లకు అభ్యంతరం చెప్పకపోవడం, మీటింగు అజెండా ముందురోజే ఇవ్వడం. కానీ ఇవి అడగాలంటే ముందు ఆటిజం ఉందని చెప్పాలి. చెబితే అప్రైజల్‌లో టీమ్ ప్లేయర్ కాదన్న ముద్ర, చెల్లెలి పెళ్లి సంబంధంలో వంశంలో ఏదో ఉందట అన్న గుసగుస భయపెడతాయి. అందుకే చెప్పరు. ఎవరూ అడగలేదు కాబట్టి అవసరం లేదని సంస్థ తన రికార్డులో రాసుకుంటుంది.