బోనులో మనిషిని నమ్మడమెలా?

కోర్టు సీనంటే మనకు సుత్తి ఉండి తీరాలి. జడ్జిగారు బల్లమీద టకటకా కొట్టి "ఆర్డర్! ఆర్డర్!" అనకపోతే అది కోర్టని హాల్లో జనానికి తోచదు. తమాషా ఏమిటంటే, మనకు కోర్టుల్ని నేర్పిన ఇంగ్లండులో జడ్జీలు సుత్తి వాడరు! అందుకే అక్కడి పాత కోర్టు చిత్రాలు మొదటి పది నిమిషాలూ కాస్త చప్పగా అనిపిస్తాయి. అరుపులు తక్కువ. బల్లలు చరచడాలు అంతకంటే తక్కువ. గుర్రపు వెంట్రుకల విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు ఒకరినొకరు "నా మిత్రుడైన ప్లీడరు గారు" అనుకుంటూ, ఎంతో మర్యాదగా పీకలు కోసుకుంటారు. పదకొండో నిమిషంలో మాత్రం మీరు కుర్చీ అంచుకు జరుగుతారు. నేను జరిగాను గనక చెబుతున్నాను.

ఈ చిత్రాల్లో పేరున్నవి చాలావరకు నాటకాల నుంచి వచ్చినవే. ఆశ్చర్యం ఏముంది? కోర్టు అంటేనే సగం నాటకం కదా! వేషం ఉంది, వేదిక ఉంది, ప్రవేశాలూ నిష్క్రమణలూ ఉన్నాయి, తీర్పుతో తెర పడుతుంది. అయితే నాటకానికి ఒక పెద్ద ఇబ్బంది. హత్య ఎక్కడో జరిగిపోయింది. అక్కడికి కెమెరా పట్టుకుని వెళ్ళడానికి వీల్లేదు. బోనులో నిలబడ్డ మనిషి నోటి మాట తప్ప మనకు మరో ఆధారం లేదు. కాబట్టి "చంపిందెవరు?" అన్న ప్రశ్న మెల్లిగా జారిపోయి "ఈ మనిషిని నమ్మొచ్చా?" అన్న ప్రశ్న ముందుకొస్తుంది. మామూలు సస్పెన్స్ చిత్రంలో మనం డిటెక్టివులం. ఇక్కడ మనం జ్యూరీ.

జ్యూరీ అంటే కుర్ర పాఠకులకు తెలియకపోవచ్చు. చట్టం చదవని మామూలు మనుషుల్ని కొందరిని కూర్చోబెట్టి, వాదనలు వినిపించి, దోషా నిర్దోషా తేల్చమంటారు. ఇంగ్లండులో పన్నెండు మంది. మన దేశంలోనూ ఈ పద్ధతి ఉండేది. 1959లో బొంబాయి నానావతి కేసులో జ్యూరీ ముద్దాయిని వదిలేస్తే, హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి శిక్ష వేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అక్కడ మాత్రం ఆ పన్నెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి.

సరే, సినిమాల దగ్గరికి వద్దాం. మొదటిది 'ది విన్‌స్లో బాయ్'. టెరెన్స్ రాటిగన్ 1946లో రాసిన నాటకం, 1948లో ఆంథొనీ అస్క్విత్ డైరెక్షన్‌లో చిత్రంగా వచ్చింది. ఇందులో హత్య లేదు, రక్తపు చుక్క లేదు. నేవీ స్కూల్లో చదివే ఒక కుర్రాడు ఐదు షిల్లింగుల పోస్టల్ ఆర్డరు దొంగిలించాడని స్కూలువాళ్ళు ఇంటికి పంపేస్తారు. "నేను తియ్యలేదు నాన్నా" అంటాడు వాడు. తండ్రి నమ్ముతాడు. కథ అంతే! ఆ ఒక్క నమ్మకం కోసం తండ్రి ఆరోగ్యం పోతుంది, పెద్దకొడుకు ఆక్స్‌ఫర్డ్ చదువు ఆగుతుంది, కూతురి పెళ్ళి చెడుతుంది. ఐదు షిల్లింగులకు ఇల్లంతా గుల్ల!

ఇది ఊహించి రాసిన కథ కాదండోయ్. 1908లో జార్జ్ ఆర్చర్-షీ అనే పదమూడేళ్ళ కుర్రాడికి నిజంగా జరిగింది. వాడి తరఫున వాదించినవాడు సర్ ఎడ్వర్డ్ కార్సన్. 1895లో ఆస్కార్ వైల్డ్‌ను బోనులో నిలబెట్టి ముచ్చెమటలు పోయించిన కార్సనే. 1910లో విచారణ నాలుగో రోజున ప్రభుత్వం దిగివచ్చి, పిల్లవాడు నిర్దోషి అని ఒప్పుకుంది. ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రధానమంత్రి ఎవరనుకుంటున్నారు? హెచ్. హెచ్. అస్క్విత్. సినిమా తీసిన ఆంథొనీ అస్క్విత్‌కు కన్నతండ్రి! తండ్రి ప్రభుత్వం మీద ఒక పిల్లవాడు గెలిచిన కథను, ఆనాటికి ఏడేళ్ళవాడైన కొడుకు పెద్దయ్యాక తెర మీద చెప్పాడన్నమాట. పైగా ఆ ప్రధానమంత్రి కూడా రాజకీయాల్లోకి రాకముందు ప్లీడరే.

ఇందులో నాకు బాగా నచ్చిన సీను కోర్టులో జరగదు. ప్లీడరు సర్ రాబర్ట్ మోర్టన్‌గా రాబర్ట్ డోనట్ వేశాడు. కేసు తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి ఇంటికే వచ్చి కుర్రాణ్ణి ప్రశ్నలు అడుగుతాడు. మొదట మెత్తగా. తర్వాత గట్టిగా. ఆ తర్వాత కత్తితో పొడిచినట్టు! దొంగవి, అబద్ధాలకోరువి అన్నట్టు గద్దిస్తుంటే కుర్రాడు ఏడుస్తాడు, ఇంటిల్లిపాదీ మండిపడతారు. ఇక ఈయన కేసు తీసుకున్నట్టే అని మనం నిట్టూర్చే క్షణంలో, టోపీ తీసుకుని వెళుతూ, వీడు నిర్దోషి, కేసు పుచ్చుకుంటున్నాను అని చెప్పేసి పోతాడు. ఏం చూసి నమ్మాడు? అక్కడ ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి. జవాబు కుర్రాడి తడబాట్లలోనే ఉంది.

నాటకంలో అసలు కోర్టు కనిపించనే కనిపించదు. అంతా ఇంటి హాల్లోనే. ఆఖరికి తీర్పు కూడా కోర్టుకు వెళ్ళొచ్చిన పనిమనిషి ఆయాసపడుతూ చెప్పాల్సిందే! సినిమావాళ్ళు కోర్టునూ, పార్లమెంటునూ చూపించారు. బాగానే ఉన్నాయి. కానీ గుండె పట్టేసే సీన్లు మాత్రం ఆ ఇంట్లోనివే. ఇంకో విశేషం... ఆ పోస్టల్ ఆర్డరు నిజంగా ఎవరు తీశారో కథ చెప్పదు. దొంగ దొరకని సస్పెన్స్ చిత్రం మీరు ఇంకెక్కడైనా చూశారా? అసలు కుర్రాడు జార్జ్ మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధంలో, ఈప్ర్ దగ్గర చనిపోయాడు. వయసు పంతొమ్మిది.

అదే అస్క్విత్ 1959లో 'లైబెల్' తీశాడు. నాటకం రాసిన ఎడ్వర్డ్ వూల్ స్వయంగా ప్లీడరు. నల్లకోటు వాళ్ళకు నాటకాల పిచ్చి అక్కడ మామూలే. సర్ పాట్రిక్ హేస్టింగ్స్ అనే మాజీ అటార్నీ జనరల్ రాసిన 'ది బ్లైండ్ గాడెస్' కూడా 1948లో సినిమా అయింది, అందగత్తె క్లెయిర్ బ్లూమ్‌కు అదే తొలి చిత్రం. 'లైబెల్'లో సమస్య మరీ చిక్కు. ఒక జమీందారుగారిని టీవీలో చూసి, ఆయనతో పాటు యుద్ధఖైదీగా ఉన్న మనిషి "వీడు జమీందారు కాడు, ఆయన పోలికలున్న నాటకాలవాడు" అంటాడు. జమీందారు పరువునష్టం దావా వేస్తాడు. కానీ ఆయనకు జ్ఞాపకశక్తి సరిగా లేదు. తనెవరో తనకే రూఢిగా తెలియదు! డర్క్ బోగార్డ్ రెండు పాత్రలూ వేశాడు, ఇంకొకటి కూడా వేశాడు గానీ అది చెప్పను.

నిజం చెప్పాలంటే మూడు చిత్రాల్లో ఇది కాస్త బలహీనం. ఖైదీల క్యాంపు ఫ్లాష్‌బ్యాకులు వచ్చినప్పుడల్లా బిగువు సడలుతుంది. కానీ కోర్టులో కూర్చున్న భార్య ఒలీవియా డి హావిలండ్ ముఖం చూడండి. నా మొగుడేనా అన్న అనుమానం ఒక్కో సాక్షి తర్వాత ఒక్కో మెట్టు ఎక్కుతుంది. ఆ ముఖం కోసమైనా చూడొచ్చు. అన్నట్టు, 1934లో ఈ నాటకంలో మాటల్లేని చిన్న వేషంతో రంగం మీదికొచ్చిన కుర్రాడే ఆలెక్ గిన్నెస్! 1935లో దీన్ని న్యూయార్కులో ఆడించిన ఒట్టో ప్రెమింజర్, 'లైబెల్' చిత్రం వచ్చిన ఏడాదే తన కోర్టు చిత్రం 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' విడుదల చేశాడు.

ఇక అసలు సరుకు. 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్'. 1957లో బిల్లీ వైల్డర్ హాలీవుడ్‌లో తీశాడు కాబట్టి లెక్కకు అమెరికన్ చిత్రమే. కానీ కథ, కోర్టు, విగ్గు, చలోక్తి అన్నీ లండన్‌వే. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టును స్టూడియోలో సెట్ వేశారు. ఆగాథా క్రిస్టీ 1925లో కథగా రాసి, 1953లో నాటకంగా మలిచింది. డబ్బున్న విధవరాలు హత్యకు గురైంది. ఆమె ఆస్తి రాసిచ్చిన కుర్రాడు ముద్దాయి. "ఆ వేళకు ఇంట్లోనే ఉన్నాను, నా భార్యను అడగండి" అంటాడు. ఆ భార్యే ప్రాసిక్యూషన్ తరఫున సాక్షిగా నడిచి వస్తుంది! మార్లీన్ డీట్రిచ్. ఆ నడక చూసి తీరాలి.

ప్లీడరు చార్లెస్ లాటన్ గుండెజబ్బు మనిషి. ఎదుటివాడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చడానికి ఆయనకు ఒక చిట్కా ఉంది. ఒంటికన్ను అద్దంతో సూర్యకాంతిని వాళ్ళ ముఖం మీదికి కొడతాడు. ముద్దాయి కళ్ళు చిట్లించుకుంటూ చక్కగా జవాబులు చెబుతాడు. డీట్రిచ్ లేచి వెళ్ళి తాపీగా తెర దించేస్తుంది! ఇద్దరిలో ఎవరు నిజం? ఆ ఒక్క సీనులో సినిమా అంతా ఉందని రెండోసారి చూసినప్పుడు తెలుస్తుంది. లాటన్‌ను సతాయించే నర్సు ఎల్సా లాంచెస్టర్ నిజజీవితంలో ఆయన భార్యే. అందుకే కాబోలు ఆ చీవాట్లు అంత సహజంగా ఉన్నాయి! ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు.

ఈ నాటకం లండన్‌కు వచ్చిన నాటి సంగతి ఒకటి చెప్పాలి. 1950 జనవరిలో తిమోతీ ఎవాన్స్ అనే పాతికేళ్ళ కుర్రాణ్ణి అదే ఓల్డ్ బెయిలీలో విచారించారు. అతని భార్యా, పసిపాపా హత్యకు గురయ్యారు. పాపను చంపాడన్న నేరం మీద కేసు నడిచింది. "నేను కాదు, కింది వాటాలో ఆయనే" అని ఎవాన్స్ మొత్తుకున్నాడు. ఆ కింది వాటా ఆయనేమో ప్రాసిక్యూషన్‌కు ముఖ్యసాక్షి! కళ్ళజోడు, బట్టతల, మెత్తని గొంతు. జ్యూరీ ఆయన్నే నమ్మింది. మార్చి 9న ఎవాన్స్‌ను ఉరితీశారు. 1953లో అదే ఇంట్లో గోడ వెనకా, నేల కిందా శవాలు బయటపడ్డాయి. అవి కింది వాటా మనిషి చేసిన హత్యలు. జులై 15న అతన్నీ ఉరితీశారు. అతని పేరు జాన్ క్రిస్టీ.

ఆగాథాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంటిపేర్లు కలిశాయంతే. కానీ ఆ ఉరి జరిగిన మూడున్నర నెలలకు, అక్టోబర్ 28న, లండన్ వింటర్ గార్డెన్ థియేటర్లో 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' తెర లేచింది. ఆ రాత్రి హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ పేరు వినగానే ఏమనిపించి ఉంటుందో ఊహించండి! ప్రాసిక్యూషన్ సాక్షి మాట నమ్మి ఒక మనిషిని ఉరికంబం ఎక్కించిన ఊరది. బోనులో ఉన్న మనిషి మెడకు నిజమైన తాడు కాచుకుని ఉన్న రోజులవి. మనం ఇవాళ సోఫాలో పాప్‌కార్న్ తింటూ చూస్తున్నాం గనక సస్పెన్స్ అంటున్నాం. బ్రిటన్‌లో హత్యకు ఉరిశిక్ష 1965లో ఆగింది. ఎవాన్స్‌కు 1966లో క్షమాభిక్ష పెట్టారు, పోయిన పదహారేళ్ళకు! ఈ ఉదంతాన్ని 1971లో '10 రిల్లింగ్టన్ ప్లేస్' పేరుతో సినిమా తీశారు. కింది వాటా మనిషిగా వేసినవాడు, తర్వాత 1982లో మనకు 'గాంధీ' తీసిచ్చిన రిచర్డ్ అటెన్‌బరోనే. రాత్రి ఒంటరిగా చూడకండి.

క్లైమాక్స్ అడుగుతారేమో, చెప్పను గాక చెప్పను. సినిమా ఆఖర్న ఒక గొంతు వినిపించి, ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకుల్ని కోరుతుంది. ఆ మాట తప్పడం నా వల్ల కాదు. క్రిస్టీ తన పాత కథ ముగింపు నాటకానికి చాలదని, చివర్లో ఇంకో మెలిక తిప్పిందని మాత్రం చెప్పగలను. చుట్టూ ఉన్నవాళ్ళు వద్దన్నా ఆవిడ వినలేదట. ఆవిడ ఇంకో నాటకాన్ని మన బి. ఆర్. చోప్రా 1973లో 'ధుంద్'గా తీశాడు. అందులోనూ కోర్టు ఉంది, కావలసినవాళ్ళు చూసి పోల్చుకోవచ్చు.

మొదటిసారి చూసేవాళ్ళు 'విట్‌నెస్'తో మొదలుపెట్టి, 'విన్‌స్లో బాయ్' తర్వాత చూడండి. తలకిందులైతే రెండోది నెమ్మదిగా తోస్తుంది. లండన్‌లో చుట్టాలున్నవాళ్ళకు ఒక కబురు. 2017లో అక్కడి కౌంటీ హాల్‌లో, పాత కౌన్సిల్ సభామందిరంలోనే 'విట్‌నెస్' నాటకం మొదలుపెట్టారు. కొన్ని సీట్లు జ్యూరీ సీట్లుగా అమ్మారు. టిక్కెట్టు కొన్న పన్నెండు మందీ అక్కడ కూర్చుని, ఎదురుగా బోనులో ఉన్న కుర్రాడి ముఖం చూస్తూ ఉండాలి.