పులిరాజా భార్యకు ఎయిడ్స్ వస్తుందా?

మన ఒళ్లు, వాళ్ల పోస్టర్లు - 4

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెరిగినవాళ్లకు ఈ హోర్డింగు గుర్తుండే ఉంటుంది. చిన్నవాళ్లయితే ఇంట్లో అడగండి, చెప్తారు. పులిరాజా ఊరూరా జోకైపోయాడు. మరి పులిరాజా భార్య? ఈ భాగం ఆమె కోసం.

మాల, మాదిగ వాడల్లో ఆడవాళ్లతో కూర్చుని ఈ పోస్టర్ల గురించి మాట్లాడినప్పుడల్లా నేను విన్న మాట ఒకటుంది: "ఒక్కడితోనే ఉండమని రాశారు గదమ్మా. ఒక్కడితోనే ఉన్నా. వాడున్నాడా?"

ఇంతకంటే పదునైన విమర్శ నేను ఏ సెమినార్‌లోనూ వినలేదు.

"నిరోధ్ వాడండి" అంటుంది పోస్టరు. వాడాల్సింది మగాడు, అడగాల్సింది ఆడది. అడిగితే "నాకు రోగముందంటావా, నీకెవడైనా ఉన్నాడా?" అని తన్నులు. ఆ తన్నులకు ఏం చేయాలో నేను చూసిన ఏ పోస్టరూ చెప్పలేదు.

ఇక బొమ్మలు. పుర్రె, ఎముకలు. రోడ్డు పక్కన నిలబడ్డ ఆడది నల్లగా, బుద్ధి చెప్పే డాక్టరమ్మ తెల్లగా. "రోగం తెచ్చేది మాలాంటోళ్లా?" అని అక్షరం రాని అమ్మ ఆ బొమ్మను ఠక్కున చదివేసింది. దళిత ఆడపిల్లల్ని జోగినులను చేసి వాడుకున్నది ఊరు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అయినా రోగం పేరెత్తితే ఊరి వేలు ఇప్పటికీ ఆమె వైపే.

"పల్లెటూరి ఆడవాళ్లకు అవగాహన లేదండీ" అంటారు ఆఫీసర్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవాళ్లు 21.6 శాతమే. మగవాళ్లలోనూ 30.7 శాతమే. నాకో పెట్టింది 1992లో. ఇన్నేళ్లు పాఠం చెప్పాక ఇవీ మార్కులు! ఫెయిలైంది విన్నవాళ్లా, చెప్పినవాళ్లా?

ఆమెకు అందాల్సిన మాటలు వేరే ఉన్నాయి. ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుంటూ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలబడితే, శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదు. గర్భిణి మందులు వాడితే బిడ్డను కాపాడుకోవచ్చు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, సంగతి బయటపెట్టకూడదు, కలిసి ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. మొగుడు పోయాక అత్తింటోళ్లు గెంటేసిన మనిషికి పుర్రె బొమ్మ కావాలా, ఈ ఒక్క ముక్క కావాలా?

కాబట్టి డిమాండ్ సూటిగా పెడదాం. పోస్టరు అచ్చుకు పోకముందు వాడలో ఆడవాళ్ల ముందు పెట్టాలి. వాళ్లు కాదన్న బొమ్మ తీసేయాలి. చదువురానివాళ్లకు నోటిమాటగా చెప్పాలి. మగాళ్లను రచ్చబండ దగ్గర, లారీ అడ్డాల్లో కూర్చోబెట్టి చెప్పాలి.

విద్యార్థి మిత్రులారా, ఈ వారం మీ దగ్గరి పీహెచ్‌సీ గోడలు చూడండి. 1097 హెల్ప్‌లైన్ నంబరు ఉందా? చట్టం గురించి ఒక్క వాక్యమైనా ఉందా? లేకపోతే డాక్టర్‌ను అడగండి, రాతపూర్వకంగా అడగండి.

పులిరాజా భార్య ఇన్నాళ్లూ జవాబు కోసం ఎదురుచూసింది. ఇప్పుడు ప్రశ్న ఆమెదే.

జై భీమ్.