పాత కథ – క్రొత్త ధారావాహిక

టెలివిజనులో క్రొత్త ధారావాహిక మొదలైనదనగానే విడువక చూచువారు కొందఱు. పాతదానినే మరల తీసిరనగానే పెదవి విఱుచువారు కొందఱు. ఈ రెండును తొందరపాటులే.

చెప్పిన కథను మరల చెప్పుట దోషము కాదు. వ్యాసభారతమును నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలు తెనుగున చెప్పకున్నచో మనకెంత లోటు! బి. ఆర్. చోప్రా నిర్మించిన హిందీ మహాభారతము 1988-90 నడుమ దూరదర్శన్‌లో 94 భాగములుగా వచ్చినది. అందు కాలమే కథకుడు. ఆ కథయే 2013లో స్టార్ ప్లస్‌లో మరల మొదలై, 260కి పైగా భాగములు నడచినది. ఇందు కృష్ణుడు నడుమ నడుమ ప్రేక్షకులకు ధర్మము బోధించును, తళుకులును మిక్కుటము. ఆ తళుకులకు మురియుటయు, పాతదానిపై ప్రీతిచే దీనిని త్రోసివేయుటయు తీర్పులు కానేరవు.

మఱి తీర్పెట్లు? మూడు నాలుగు భాగములు చూచి మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. కథ సాగుచున్నదా, లేక ఒక్క ముఖమునే పదిమార్లు చూపి కాలము గడపుచున్నారా? ధర్మరాజు ముందుగా ఓడినది తననా, నన్నా యని ద్రౌపది సభను నిలదీయునప్పుడు మన మనస్సు కలగినదా, లేక ఆమె నగలే కంటబడినవా? టెలివిజను ఆపిన పిదప ఆలోచించుటకేమైన మిగిలినదా?

మిగిలినచో చూడుడు. లేనిచో విడుచుటకు సంకోచింపకుడు. సగము చూచితిమి గదా యని తక్కినది చూచుట, కొఱికితిమి గదా యని చేదు దోసకాయను తొడిమవఱకు తినుట వంటిది. దినమునకు అరగంట చొప్పున 260 భాగములు చూచినచో 130 గంటలు. గడచిన ఆ గంటలను ఏ పునఃప్రసారమును తిరిగి ఈయజాలదు.